వినైల్ టైల్స్ లేచిపోయాయి... వారంటీ వర్తించదంటున్నారు!

ప్రశ్న: మాది ఏలూరులో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. ఎండాకాలంలో పాత మొజాయిక్ గచ్చు మీద లగ్జరీ వినైల్ టైల్స్ వేయించాం. సరుకు విజయవాడ షాపులో కొన్నాం, మేస్త్రీనీ వాళ్లే పంపారు. మొత్తం లక్షా నలభై వేలయింది. వానలు పడ్డాక హాల్లో టైల్స్ అంచులు లేచాయి, అడుగున గమ్ము జిగటగా ఊడివస్తోంది. టైల్స్‌కు జీఎస్టీ బిల్లుంది, కూలి మాత్రం మేస్త్రీకి ఫోన్‌పే చేశాం. 'మీ గచ్చులో చెమ్మ ఉంది, వారంటీ వర్తించదు' అంటున్నారు. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. షాపువాళ్ల సాకే మీకు పనికొస్తుంది. చెమ్మ గచ్చు మీద గమ్ము నిలవదన్న సంగతి మీకు తెలియకపోవచ్చు, వేసేవాళ్లకు తెలిసి తీరాలి. గచ్చు మీద పాలిథిన్ షీటు పరిచి, నాలుగు అంచులకూ టేపు వేసి రాత్రంతా ఉంచితే, పొద్దున షీటు అడుగున పట్టిన నీరే సంగతి చెబుతుంది. అదైనా చూడకుండా వేసిపోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(11) కింద సేవాలోపమని వాదించవచ్చు. చెమ్మకు మినహాయింపు వారంటీ కార్డుల్లో మామూలే. అందుకే టైల్స్ తయారుచేసిన కంపెనీని ప్రతివాదిగా చేర్చినా, ఫిర్యాదు బరువు పని మీదే పెట్టండి.

అసలు చిక్కు కూలి దగ్గరుంది. 'మేస్త్రీ మా మనిషి కాదు' అని షాపు రేపు తప్పకుండా అంటుంది. ఫిట్టింగ్‌తో కలిపి అడుగుకు ఇంత అని రాసిచ్చిన కొటేషన్, మేస్త్రీ నంబరు పంపిన వాట్సాప్ మెసేజ్ ఉన్నాయేమో వెతకండి. స్క్రీన్‌షాట్లతో సరిపెట్టుకోకుండా ఆ ఫోన్‌నూ జాగ్రత్త చేయండి. ఈ లంకె దొరికితే కేసు సగం గెలిచినట్టే.

ఇంకో మాట: చూడలేకపోతున్నామని టైల్స్ పీకించేయకండి. 'ఊరికే తీసి చూస్తాం' అంటూ షాపువాళ్లొచ్చినా ముందు వీడియో తీయండి. మిగిలిన టైల్స్‌ను బ్యాచ్ నంబరున్న డబ్బాతో సహా దాచండి. కేసు వేశాక, నేలను పరిశీలించడానికి అడ్వొకేట్ కమిషనర్‌ను (వచ్చి చూసి నివేదిక ఇచ్చే లాయరును) నియమించమని కోరవచ్చు.

ముందు 15 రోజుల గడువిచ్చి అక్నాలెడ్జ్‌మెంటుతో నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కూ ఫోన్ చేయండి, కొందరు అక్కడే దిగివస్తారు. దిగిరాకపోతే విజయవాడ తిరగనక్కర్లేదు. సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటే, అంటే ఏలూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేసుకోవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు లేదు. టైల్స్ డబ్బు, కూలి, పీకించే ఖర్చు, నష్టపరిహారం అడగండి.

అయితే 'చెమ్మ ఉంది, వాటర్‌ప్రూఫింగ్ చేయించుకోండి' అని షాపు ముందే రాసివ్వగా, ఫర్వాలేదని మీరు సంతకం పెట్టి ఉంటే కేసు నిలబడటం కష్టం. పని రోజున సంతకం పెట్టిన కాగితాలన్నీ ఒకసారి చదవండి. వివాద కారణం తలెత్తినప్పటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. 'వచ్చే నెల చూస్తాం' అంటూ వాళ్లు ఫోన్లో చెప్పే మాటలతో ఆ గడువు పెరగదు.