వేలచ్చేరి ఫ్లాటుకి శుక్రవారంలోగా అడ్వాన్సు ఇచ్చేయాలా?

ప్రశ్న: మాది నెల్లూరు, చెన్నైలో ఉద్యోగం. వేలచ్చేరిలో పన్నెండేళ్ల పాత ఫ్లాటు, మొదటి అంతస్తు, 70 లక్షలకి చూశాం. మా ఆవిడకి బాగా నచ్చింది. చేతిలో 16 లక్షలున్నాయి, మిగతాది లోను. ఓనరు శుక్రవారంలోగా 5 లక్షలు అడ్వాన్సు అడుగుతున్నారు. ఇంకోసారి వెళ్లినప్పుడు ఏమేం చూడాలి?

జవాబు: శుక్రవారం ఇవ్వకండి. మీ దగ్గర డబ్బే చాలదు. 70 లక్షల ఇంటికి బ్యాంకు మహా అయితే 80 శాతం, అంటే 56 లక్షలు ఇస్తుంది, 14 మీరు పెట్టాలి. పాత ఫ్లాటు కొంటే తమిళనాడులో స్టాంపు డ్యూటీ 7, రిజిస్ట్రేషను 2, కలిపి 9 శాతం, అదొక 6.30 లక్షలు. మొత్తం 20.30. బ్రోకరు కమీషను, పెయింటింగు ఇందులో లేవు. తక్కువపడింది పర్సనల్ లోనుతో పూడుస్తాననుకోకండి, నెలనెలా రెండు ఈఎంఐలు కట్టలేక నలిగిపోతారు. ధర తగ్గాలి, లేదంటే కొన్నాళ్లు ఆగాలి.

బేరమాడటానికి ఆధారాలు ఆ బిల్డింగులోనే దొరుకుతాయి. పైకి వెళ్లకముందు పార్కింగులో ఆగండి. వాన హెచ్చరిక వస్తే జనం కార్లు తీసుకెళ్లి ఫ్లైఓవరు మీద పెట్టుకునే ఏరియా అది! స్తంభాల మీద నీటి చార ఉందా, నడుం ఎత్తు వరకే కొత్త పెయింటు వేశారా, ఈబీ (కరెంటు) మీటర్లు పాత చోటు నుంచి పైకి జరిపారా చూడండి. 2015 డిసెంబరులో, 2023 మిచౌంగ్ తుపానప్పుడు నీళ్లెక్కడిదాకా వచ్చాయో బ్రోకర్ని కాదు, వాచ్‌మన్నీ వీధిలో ఇస్త్రీ చేసేవాళ్లనీ అడగండి. మొదటి అంతస్తేగా, మనకేం అనిపిస్తుంది, కానీ లిఫ్టూ మోటారూ మునిగితే ఆ రిపేరు బిల్లులో మీకూ వాటా పడుతుంది.

ఇంట్లో బాత్రూము గోడకి అవతలివైపు చెయ్యి పెట్టి చూడండి, చెమ్మ అక్కడే తెలుస్తుంది. షవరు చిల్లులకి తెల్లటి పొర కట్టి ఉంటే ఉప్పు నీళ్లే. మే నెలలో లారీ నీళ్లకి ఎంతయిందో అసోసియేషను లెక్కల్లో చూపించమనండి, ఓనరు మెయింటెనెన్సు బాకీలు కూడా.

కాగితాల్లో 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), మాతృ దస్తావేజులు (పాత యజమానుల పత్రాలు), ప్లాను అప్రూవలు లాయరుకి ఇవ్వండి. మీరు స్వయంగా చూడాల్సింది యూడీఎస్, అంటే స్థలంలో మీ వాటా. బిల్డింగు ఏటా పాతబడుతుంది, విలువ పెరిగేది నేలకే. అదే వీధిలో, అంతే సైజు ఫ్లాటుకి ఎక్కువ వాటా వస్తుంటే మీరిస్తున్న 70 ఎక్కువే.

నచ్చితే చిన్న టోకెను ఇవ్వండి, లాయరో బ్యాంకో వద్దంటే తిరిగివ్వాలని రాయించుకునే. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ (ఓనరు తరఫున ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టుకుని మిగతాది ఇవ్వడం మీ బాధ్యత, అది అదనపు ఖర్చు కాదు. ఓనరు ఎన్నారై అయితే మాత్రం ఆ 1 శాతం లెక్క చెల్లదు, చాలా ఎక్కువ పట్టాలి. ఆడిటర్ని అడిగాకే చెక్కు రాయండి.