ఖగోళ పురస్కారాలు: ఎవరికిస్తారు, ఎలా ఇస్తారు? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఖగోళశాస్త్రానికి నోబెల్ లేదంటారు. మరి సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌కు ఎలా వచ్చింది?
– డిగ్రీ విద్యార్థి, నెల్లూరు

జవాబు: నోబెల్ వీలునామాలో ఉన్నవి అయిదే: భౌతికం, రసాయనం, వైద్యం, సాహిత్యం, శాంతి. ఖగోళ పరిశోధనకు ఇవ్వాలంటే భౌతికశాస్త్రం కిందే ఇవ్వాలి. 1983లో చంద్రశేఖర్‌కు, విలియం ఫౌలర్‌కు కలిపి అలాగే ఇచ్చారు. అయితే ఖగోళవేత్తలు చంద్రశేఖర్‌ని అంతకు ముప్పయ్యేళ్ల ముందే సత్కరించారు. 1952లో అమెరికాలోని ఆస్ట్రోనామికల్ సొసైటీ ఆఫ్ ది పసిఫిక్ నుంచి బ్రూస్ పతకం, 1953లో లండన్ రాయల్ ఆస్ట్రోనామికల్ సొసైటీ నుంచి బంగారు పతకం ఆయనకు వచ్చాయి. బ్రూస్ పతకం 1898 నుంచీ ఉంది, జీవితకాల కృషికి ఇస్తారు. లండన్ పతకం 1824 నాటిది. ఈ రంగం ఎలా ఎదిగిందో తెలుసుకోవాలనుకునేవారు నోబెల్ జాబితా కన్నా ముందు ఈ రెండు జాబితాలూ చదవాలి.

పెద్ద నగదు బహుమతులు ఈ శతాబ్దంలో వచ్చినవి. హాంకాంగ్ షా ప్రైజ్ 2004లో, నార్వే కావ్లీ ప్రైజ్ 2008లో మొదలయ్యాయి. 2024లో ఖగోళశాస్త్రానికి షా ప్రైజ్ అందుకున్న శ్రీనివాస్ కులకర్ణి భారతదేశంలో పుట్టినవారే.

ప్రశ్న: వేరా రూబిన్, జోస్లిన్ బెల్ లాంటివారికి నోబెల్ ఎందుకు ఇవ్వలేదు? ఆడవాళ్లనేనా?
– లెక్చరర్, వరంగల్

జవాబు: వివక్ష ఉంది, కాదనలేం. దానికి తోడు నియమాలూ ఉన్నాయి. నోబెల్‌కు ఎవరు పడితే వారు పేరు పంపలేరు, కమిటీ ఆహ్వానించిన వారే పంపాలి. ఒక బహుమతిని ముగ్గురికి మించి పంచరు. చనిపోయినవారికి ఇవ్వరు. హెన్రియెట్టా లీవిట్ సెఫీడ్ నక్షత్రాల వెలుగుకూ, ఆ వెలుగు హెచ్చుతగ్గుల కాలానికీ ఉన్న సంబంధాన్ని 1912లో స్థిరపరిచారు. గెలాక్సీల దూరాలు కొలవడానికి అదే ఆధారమైంది. 1925లో స్వీడన్ గణితవేత్త మిట్టాగ్-లెఫ్లర్ ఆమె పేరు పంపాలనుకుని ఉత్తరం రాసేసరికి ఆమె చనిపోయి మూడేళ్లు దాటింది. కంటికి కనిపించని చీకటి పదార్థానికి ఆధారాలు చూపిన వేరా రూబిన్ కూడా 2016 డిసెంబరులో కన్నుమూశారు కాబట్టి ఇక ఆ అవకాశం లేదు.

జోస్లిన్ బెల్ విషయం వేరు. 1967లో పల్సార్ (వేగంగా తిరుగుతూ క్రమం తప్పకుండా రేడియో తరంగాలు పంపే నక్షత్రం) సంకేతాన్ని చార్టు కాగితం మీద గుర్తుపట్టింది ఆమె. 1974 నోబెల్ ఆమె గైడు ఆంటొనీ హ్యూయిష్‌కు, మార్టిన్ రైల్‌కు వెళ్లింది. మూడో చోటు ఖాళీగానే ఉంది కాబట్టి ఇక్కడ నియమాన్ని తప్పుపట్టలేం, అది కమిటీ నిర్ణయం. 2018లో ఆమెకు 30 లక్షల డాలర్ల ప్రత్యేక బ్రేక్‌త్రూ బహుమతి వచ్చింది. ఆ మొత్తాన్నీ అవకాశాలు అందని వర్గాల భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థుల స్కాలర్‌షిప్‌లకు ఇచ్చేశారు.

ఖగోళవేత్తల పతకాలు మాత్రం సమదృష్టితో ఇచ్చారనుకోకండి. బ్రూస్ పతకానికి డబ్బిచ్చింది కేథరిన్ వోల్ఫ్ బ్రూస్ అనే మహిళ. అయినా ఒక మహిళకు అది దక్కడానికి 84 ఏళ్లు పట్టింది: 1982లో మార్గరెట్ బర్బిడ్జ్‌కు. అంతకుముందు మహిళలకే కేటాయించిన ఆనీ కానన్ అవార్డు ఇస్తామంటే, ఆడవాళ్లకు విడిగా బహుమతులు పెట్టడం కూడా వివక్షేనని ఆమె తిరస్కరించారు.

ప్రశ్న: హైదరాబాద్‌తో సంబంధమున్న ఖగోళవేత్త ఎవరికైనా ఇలాంటి అంతర్జాతీయ పతకం వచ్చిందా?
– గృహిణి, సికింద్రాబాద్

జవాబు: వచ్చింది. వేణు బాపు. తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. బాపు నిజాం కాలేజీలో చదివి, పరిశోధనకు హార్వర్డ్ వెళ్లారు. 1949లో అక్కడ ఒక ఫొటోగ్రాఫిక్ ప్లేటు మీద కొత్త తోకచుక్క కనిపెట్టారు. దాని పేరు బాపు-బాక్-న్యూకర్క్. అందుకు పసిఫిక్ సొసైటీ ఆయనకు డొనహో కామెట్ మెడల్ ఇచ్చింది. తరవాత 1979లో ఆయన అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య అధ్యక్షులయ్యారు. తమిళనాడు కావలూరులోని 2.3 మీటర్ల టెలిస్కోపుకు ఆయన పేరే పెట్టారు.

ప్రశ్న: మా ఊరి హైస్కూలులో ఒక మాస్టారు ఏళ్లుగా పిల్లలకు ఆకాశం చూపిస్తున్నారు. ఆయన పేరు ఏదైనా అవార్డుకు పంపాలని ఉంది. ఎలా?
– పూర్వ విద్యార్థులు, అనంతపురం జిల్లా

జవాబు: ముందు ఏ అవార్డుకు పంపాలో తేల్చుకోండి. పసిఫిక్ సొసైటీలో బోధనకు, ప్రచారానికి, అమెచ్యూర్ పరిశీలనకు వేరువేరు అవార్డులున్నాయి. హైస్కూలు బోధనకు థామస్ బ్రెనన్ అవార్డు, ప్రజల్లో ఖగోళ జ్ఞానం పెంచినవారికి క్లంప్కే-రాబర్ట్స్ అవార్డు. 1974లో ఈ రెండోది అందుకున్నది కార్ల్ సేగన్. ఇలాంటి వాటికి ఏయే దేశాలవారు అర్హులో నిబంధనల్లో చూశాకే పని మొదలుపెట్టండి. మన దేశంలో ఆస్ట్రోనామికల్ సొసైటీ ఆఫ్ ఇండియా ప్రచార కృషికి జుబిన్ కెంభావి అవార్డు ఇస్తుంది. యునెస్కో కళింగ బహుమతిని 1996లో జయంత్ నార్లికర్ అందుకున్నారు, కానీ దానికి పేర్లు ప్రభుత్వాల ద్వారా వెళ్లాలి. కేంద్ర ప్రభుత్వ జాతీయ ఉపాధ్యాయ పురస్కారానికైతే మాస్టారే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవాలి, మీరు పంపితే కుదరదు.

నామినేషన్లు ఎక్కువగా దెబ్బతినేది విశేషణాలతోనే. "అంకితభావం గల, విశిష్ట సేవలందించిన" అని పేజీలు నింపితే జ్యూరీకి ఏమీ తెలియదు. ఏం చేశారు, ఎక్కడ, ఎంతమందితో, దాని వల్ల ఏం మారింది అన్న నాలుగింటికీ ఆధారం చూపాలి. ఒక ఉదాహరణ. అనంతపురం, ఆదిలాబాద్ బడులు కలిసి డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం ఒక మీటరు కర్ర నీడ కొలిచాయనుకుందాం. ఆదిలాబాద్‌లో సుమారు 94 సెంటీమీటర్లు, అనంతపురంలో 78 వస్తుంది. అంటే సూర్యుడి కోణంలో తేడా 5 డిగ్రీలు. రెండు ఊళ్ల మధ్య ఉత్తర-దక్షిణ దూరం 555 కిలోమీటర్లు. పూర్తి చుట్టు 360 డిగ్రీలు, అంటే 5 డిగ్రీలకు 72 రెట్లు కాబట్టి 555ని 72తో గుణిస్తే భూమి చుట్టుకొలత 39,960 కిలోమీటర్లు. పిల్లలు కొలిచిన అంకెలు, చేసిన లెక్క, వచ్చిన పొరపాటు ఉన్న నోటుపుస్తకం పేజీ ఒక్కటి జతచేస్తే, ఇరవై పేపర్ కటింగుల కన్నా బలంగా మాట్లాడుతుంది.

పొరపాటు చూపడానికి భయపడకండి. కర్ర ఒక డిగ్రీ వాలినా, 5 డిగ్రీల తేడాలో అది 20 శాతం తప్పు. అందుకే దారానికి బరువు కట్టి వేలాడదీసి కర్ర నిటారుగా ఉందో లేదో చూడాలి. గడియారంలో పన్నెండు కొట్టగానే కొలిస్తే కూడా తప్పే. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల రేఖాంశానిది. అనంతపురం దానికి పడమరగా ఉంది కాబట్టి నీడ అతి పొట్టిగా ఉండే వేళ అక్కడ ఆ రోజు 12 దాటి దాదాపు 18 నిమిషాలకు వస్తుంది. ఇవి పిల్లలకు నేర్పిన మాస్టారు ఎంత జాగ్రత్తగా బోధిస్తారో జ్యూరీకి ఇక వేరే చెప్పక్కర్లేదు.

సిఫార్సు లేఖలు మూడు అడిగితే ముగ్గురూ మూడు కోణాల వారై ఉండాలి: ఆయన తరగతిని కళ్లారా చూసినవారు, శాస్త్రం సరిగా చెబుతున్నారని నిర్ధారించగల ఖగోళవేత్త, ఆయన పద్ధతిని తమ బడిలో వాడుతున్న మరో టీచరు. ఒకే నమూనా రాసి ముగ్గురి చేతా సంతకం పెట్టిస్తే జ్యూరీ ఇట్టే పసిగడుతుంది. హాజరైనవారి సంఖ్య ఉజ్జాయింపుగా పెంచి రాయకండి, రిజిస్టరు లేకపోతే ఇప్పటి నుంచైనా తేదీ, చోటు, హాజరు రాయించండి. పిల్లల ఫొటోలకు తల్లిదండ్రుల అనుమతి, నామినేషన్‌కు మాస్టారి అంగీకారం ముందే తీసుకోండి.

ప్రశ్న: గ్రహశకలం కనిపెట్టినందుకు మా అబ్బాయికి నాసా పేరున్న సర్టిఫికెట్ వచ్చింది. దాన్ని అవార్డు అనవచ్చా? ఆ శకలానికి మావాడి పేరు పెడతారా?
– ఉద్యోగి, విజయవాడ

జవాబు: అది అవార్డు కాదు, పాల్గొన్నందుకు గుర్తింపు. అయినా పిల్లవాడు చేసిన పని నిజమైనదే. ఇలాంటి కార్యక్రమాల్లో పాన్-స్టార్స్ టెలిస్కోపు తీసిన చిత్రాలను ఆస్ట్రోమెట్రికా సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని తరవాత ఒకటి ఆడించి, కదిలే చుక్కను పట్టుకుని నివేదిక పంపుతారు. మొదట అది ప్రాథమిక గుర్తింపు మాత్రమే. మళ్లీ కనబడితేనే తాత్కాలిక సంఖ్య వస్తుంది. కక్ష్య పక్కాగా తేలి శాశ్వత సంఖ్య రావడానికి ఏళ్లు పడుతుంది. పేరు మాట ఆ తరవాతే. ఈ మెట్లలో మీవాడి చుక్క ఎక్కడుందో నిర్వాహకులను అడిగి తెలుసుకోండి.

డబ్బు కడితే నక్షత్రానికి పేరు పెడతామనే కంపెనీల సర్టిఫికెట్లు మాత్రం కొనకండి. అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య పేర్లు అమ్మదు. 2019లో మన దేశానికి కేటాయించిన ఒక నక్షత్రానికి ప్రజల ప్రతిపాదనల్లోంచి ఎంచి "విభా" అన్న పేరు పెట్టారు. అది భౌతికశాస్త్రవేత్త విభా చౌధురి పేరు. దాని గ్రహం పేరు "సంతమస". అందులో పాల్గొన్నవారెవరూ ఒక్క రూపాయి కట్టలేదు.