వెంటిలేటర్ తీశాక నడవలేకపోవడం, మింగలేకపోవడం ఎందుకు?

ఫ్లూ న్యుమోనియా తగ్గి ఇంటికొచ్చిన మీ నాన్నగారు లేచి నిలబడలేకపోతున్నారు, మంచినీళ్లకే పొలమారుతోంది అన్నారు కదండీ. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు ఒళ్లు తన కండరాన్నే కరిగించుకుంటుంది. ఐసీయూలో మొదటి 10 రోజుల్లోనే తొడ కండరం దాదాపు 18 శాతం తగ్గినట్టు 2013లో లండన్ పరిశోధకులు కొలిచి చూపించారు. గొంతు కండరాలూ అలాగే నీరసిస్తాయి, పైగా వెంటిలేటర్ కోసం గొంతులోంచి వేసిన ట్యూబు ఒరిపిడికి అక్కడ స్పర్శ మొద్దుబారుతుంది కాబట్టి దగ్గు కూడా రాకుండానే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారొచ్చు, నన్నడిగితే అసలు భయపడాల్సింది దీనికే. ఆయన ఇరానీ చాయ్ అడిగినా సరే, ముందు సరిగ్గా మింగగలుగుతున్నారో లేదో పరీక్ష చేయించండి. హైదరాబాద్ పెద్దాసుపత్రుల్లో దీనికి ఈఎన్‌టీ డాక్టర్లు, స్పీచ్ థెరపిస్టులు ఉంటారు. అప్పటిదాకా పడుకోబెట్టి ఏదీ పట్టకండి. తిన్నాక గొంతు గరగరలాడినా, జ్వరం వచ్చినా వెంటనే తీసుకెళ్లండి. కాళ్లకు ఫిజియోథెరపీ, తగినంత ప్రొటీన్ కావాలి, నెలలు పడుతుంది.