ఐదో తరగతి తీసుకున్న అమ్మాయికి

అమ్మాయీ,

ఈ ఏడు బళ్ళో నీకు పాఠాలు చెప్పడానికి ఐదో తరగతి ఇచ్చారని, సిలబస్ చూసి టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. సిలబస్ ఎలాగోలా అవుతుంది. అంతకన్నా ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. వచ్చే ఏడు ఈ పిల్లలకి పీరియడ్‌కో టీచర్ వస్తారు. ఏ పుస్తకం తెచ్చుకోవాలి, ఎవరు ఏ హోంవర్క్ ఇచ్చారు, రేపు ఏ పరీక్ష, ఇవన్నీ వాళ్ళే చూసుకోవాలి. ఇన్నాళ్ళూ ఆ పని మనమే చేసిపెట్టాం. కాబట్టి తరగతి నడిపే పని ఈ ఏడాదిలో మెల్లమెల్లగా నీ చేతిలోంచి వాళ్ళ చేతికి పోవాలి.

పొద్దున నువ్వు హాజరు వేసేలోపు బోర్డు మీద నాలుగు ప్రశ్నలుండాలి. రెండు నిన్నటి పాఠంలోవి, ఒకటి పోయిన వారానిది, ఒకటి పోయిన నెలది. పుస్తకం మూసి రాయాలి. మార్కులు మాత్రం వెయ్యకు, వేశావంటే పక్కవాళ్ళ నోట్సులోకి తొంగిచూడటం మొదలవుతుంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగం ఒకటుంది. చదివిందే మళ్ళీ చదివినవాళ్ళు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం ఆగి పెడితే, పుస్తకం మూసి గుర్తుతెచ్చుకుని రాసినవాళ్ళే ముందుకొచ్చారు. మన పిల్లల్లోనూ నేను చూసింది అదే.

డైరీ సంగతి కాస్త పట్టించుకో. మొదటి నెలల్లో హోంవర్క్ బోర్డు మీద రాయి, చూసి రాసుకుంటారు. తర్వాత నోటితోనే చెప్పు. చివరికొచ్చేసరికి పాఠం మధ్యలో ఒక్కసారి చెప్పి ఊరుకో, పై తరగతుల్లో జరిగేది అదే. కొందరు మర్చిపోతారు. సాయంత్రం తల్లిదండ్రులు ఫోన్ చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టమంటారు. పెట్టకు. తోటి పిల్లల్ని అడిగి కనుక్కోమను. నిన్ను నాలుగు మాటలంటారు, అననీ.

లెక్కల్లో నీకు ఎక్కువ టైమ్ పట్టేది భిన్నాల దగ్గరే. 1/3 పెద్దదా 1/4 పెద్దదా అంటే, మూడు కన్నా నాలుగు పెద్దది కదా అని చాలామంది 1/4 అనేస్తారు. 1/2కి 1/3 కలపమంటే పైవి పైవి, కిందివి కిందివి కలిపి 2/5 అని రాస్తారు. వెంటనే ఎర్ర పెన్నుతో కొట్టెయ్యకు. "2/5 సగం కన్నా ఎక్కువా తక్కువా?" అని అడుగు. తక్కువంటారు. "మరి సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తగ్గుతుందా?" అని అడిగి, నోరు మూసుకుని నిలబడు. ఇదే కష్టం మనకి. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే పిల్లలు ఇంకా వివరంగా జవాబు చెబుతారని మేరీ బడ్ రో అనే ఆవిడ తరగతి గదుల్లో గమనించి రాశారు. నువ్వు ఆగితే ఆ పిల్ల పెన్సిల్ కొరుకుతుంది, పైకి చూస్తుంది, వేళ్ళు ఆడిస్తుంది, ఉన్నట్టుండి రబ్బరు తీసి తన 2/5ని తనే చెరిపేస్తుంది. అప్పుడు ఒకే పొడవున్న రెండు కాగితం ముక్కలివ్వు. ఒకదాన్ని రెండు భాగాలుగా, ఇంకోదాన్ని మూడు భాగాలుగా మడవాలి. మళ్ళీ రెండింటినీ ఆరేసి భాగాలు చేస్తే ఇటు మూడు, అటు రెండు, మొత్తం 5/6 కంటికి కనిపిస్తుంది. క.సా.గు. ఆ తర్వాతే చెప్పు.

చదివించేటప్పుడు గడగడా చదివేవాళ్ళని చూసి మోసపోకు. పుస్తకం మూయించి, ఏం చదివావో నీ మాటల్లో చెప్పమను. అక్షరాలు కూడబలుక్కునేవాళ్ళని వెనక బెంచీలో వదిలెయ్యకు. మిగతావాళ్ళు లెక్కలు చేసుకునేటప్పుడు రోజూ పది నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకో.

లీడరుగా ఎప్పుడూ బుద్ధిమంతుణ్ణే పెట్టకు, వారానికొకరిని మార్చు. అల్లరివాడి వారంలో గోల కాస్త ఎక్కువే ఉంటుంది. తరగతి సద్దుమణిగి ఉంటే హెడ్మాస్టర్లకి ముచ్చటేగానీ, నోట్సులు పంచడం వాడూ నేర్చుకోవాలి కదా.

చివరి నెలలో ఒక వారం పక్క తరగతి టీచర్‌తో మాట్లాడుకుని, బెల్లు బెల్లుకీ తరగతులు మార్చుకోండి. ఆవిడ ఒప్పుకోకపోతే నువ్వే బయటికెళ్ళి, కొత్త సబ్జెక్టు టీచర్‌లా మళ్ళీ లోపలికి రా. నవ్వుతారు, నవ్వనీ. నువ్వు వచ్చేలోపు పాత పుస్తకం లోపల పెట్టి కొత్తది తీసి ఉంచారా లేదా, అది చూడు చాలు. తియ్యనివాళ్ళెవరో రాసిపెట్టుకో, సెలవులిచ్చేలోపు వాళ్ళతో ఇంకో రెండు మూడుసార్లు చేయించవచ్చు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ