స్టేషన్ అడిగే ముందు గేటు దగ్గర నిలబడి చూడు

చి. బుజ్జికి పెద్దనాన్న ఆశీస్సులు.

సికింద్రాబాద్-మేడ్చల్ లైనులో బోలారం, గుండ్లపోచంపల్లి స్టేషన్ల మధ్య ఒక హాల్టు, అంటే బళ్లు ఆగే చిన్న స్టేషను, కావాలని కాలనీలన్నీ తిరిగి మనుషుల్ని కూడగడుతున్నావని మీ అమ్మ చెప్పింది. కొంపల్లి రోడ్డు మీద బండి నడిపి నడిపి విసిగినవాళ్లు ఎంతోమంది ఉంటారు. పట్టాల వైపు చూసింది మాత్రం మా ఇంటి పిల్ల. ఆ మాట వింటే గుండె నిండిపోయింది, వెంటనే గుబులూ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

తేలిక పనులు ముందు చెప్పేస్తాను. ఆ లైను హైదరాబాద్ డివిజన్‌ది, సికింద్రాబాద్ డివిజన్‌ది కాదు. రెండు ఆఫీసులూ సికింద్రాబాద్‌లోనే ఉంటాయి గనక జనం పొరబడతారు. అర్జీ డీఆర్ఎం, అంటే డివిజనల్ రైల్వే మేనేజర్ పేర రాసి, ఒక ప్రతి రైల్ నిలయంలో జనరల్ మేనేజర్‌కి, ఇంకొకటి ఎంపీకి ఇవ్వు. ఇచ్చిన ప్రతి కాగితానికీ ముద్ర, తేదీ వేయించుకో. ఇదివరకు అక్కడ సర్వే ఏదైనా జరిగిందేమో సమాచార హక్కు కింద అడుగు. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు.

వెయ్యి సంతకాల కన్నా రెండు వందల మంది ప్రయాణ వివరాలే బరువు. ఎక్కడికి, ఎన్నింటికి, ఇప్పుడు దేని మీద వెళ్తున్నారు అని రాయించు. ఆ చివరి గడి ఎవరూ ఖాళీ వదలకూడదు. ఇప్పటికే బోలారంలో రైలెక్కేవాళ్లు కొత్త హాల్టుకు మారితే రైల్వేకి పైసా పెరగదు, టైము మాత్రం పోతుంది. బ్రేకు వేసి, అర నిమిషం ఆగి, మళ్లీ వేగం అందుకునేసరికి ఒక్కో ఆగుడుకు సుమారు రెండు నిమిషాలు. రైళ్లు నడిపించే ఆపరేటింగ్ శాఖ వాళ్లు మొదట పట్టుకునేది దాన్నే. బైకు, కారు మానేసి రైలెక్కేవాళ్లు ఎందరో విడిగా చూపించు.

చోటు విషయంలో పట్టుబట్టవద్దు. స్టేషన్ యార్డులో వాలు 400కి 1, అంటే 400 మీటర్ల పొడుగుకు ఒక మీటరు ఎత్తు, దాటకూడదని రైల్వే కొలతలు, 1200కి 1 ఉంటే ఇంకా మేలు. వంపు ఉన్నచోట గార్డుకు బండి చివరిదాకా కనిపించదు. 12 పెట్టెల ఎంఎంటీఎస్ (నగర లోకల్ రైలు) బండికి దాదాపు 260 మీటర్ల ప్లాట్‌ఫారం కావాలి. "ఈ కిలోమీటరు నుంచి ఆ కిలోమీటరు లోపల అనువైన చోట" అని రాస్తే ఇంజనీర్లకు కదలడానికి వీలుంటుంది.

ఇక నన్ను నిద్రపోనివ్వనిది గేటు సంగతి. హాల్టు అనగానే మనవాళ్లు లెవెల్ క్రాసింగ్ పక్కనే కావాలంటారు. రోడ్డు అక్కడికే వస్తుంది, ఆటోలు అక్కడే ఆగుతాయి, అడగడమూ సులువే. రామకిష్టాపురం గేట్ అని స్టేషన్ పేరులోనే గేటున్న లైను మనది. కానీ ట్రాఫిక్ తగ్గించడానికి అడిగిన స్టేషనే ట్రాఫిక్ పెంచేది ఇక్కడే.

ఎలాగో చూడు. గేటు వేస్తే గానీ గేటు సిగ్నల్ పడదు, అంటే బండికి దారి ఇవ్వదు. బండి ఇంకా దూరంగా ఉండగానే సిగ్నల్ పడాలి. ఇప్పుడు ప్లాట్‌ఫారం గేటుకు ఇవతల, అంటే బండి గేటు చేరకముందే ఆగేలా ఉందనుకో. గేటు వేసే ఉంటుంది. బండి నెమ్మదిస్తుంది, ఆగుతుంది, జనం దిగుతారు, ఎక్కుతారు. తర్వాత సున్నా వేగం నుంచి బయల్దేరి 260 మీటర్ల పొడుగూ గేటు మీదుగా లాగాలి. ఆగకుండా పోయే బండికన్నా కనీసం రెండు నిమిషాలు ఎక్కువసేపు గేటు మూసి ఉంటుంది. ఒక దిశలో రోజుకు పది బళ్లు ఆగితే ఇరవై నిమిషాలు. అదీ ఆఫీసు వేళల్లోనే. స్కూలు బస్సులు, అంబులెన్సు అన్నీ ఆ వరుసలోనే.

అదే ప్లాట్‌ఫారం గేటు దాటాక ఉంటే? బండి గేటు మీదుగా వచ్చి, చివరి పెట్టె కూడా దాటాకే ఆగుతుంది. గేటు తీసేయొచ్చు. అయితే రెండు లైన్ల మీద రెండు దిశలున్నాయి గదా. మేడ్చల్ వైపు పోయే బండికి గేటుకు ఉత్తరాన, సికింద్రాబాద్ వైపు వచ్చేదానికి గేటుకు దక్షిణాన, ప్లాట్‌ఫారాలు ఎదురెదురుగా కాకుండా ఎడంగా పెట్టాలి. అర్జీతో పాటు చేత్తో గీసిన ఒక బొమ్మ జతచెయ్యి, గేటు ఎక్కడ, బండి ఎటు, ఎక్కడ ఆగాలి అని. ఇంజనీర్లు మారుస్తారు, మార్చనీ. ఆ ప్రశ్న వాళ్ల ముందుంటే చాలు.

గేటు వద్ద రద్దీ మరీ ఎక్కువైతే హాల్టుతో పాటు వంతెనా అడగాలి. రైళ్ల సంఖ్యను రోడ్డు వాహనాల యూనిట్లతో గుణిస్తే వచ్చేది టీవీయూ. అది లక్ష దాటితే రైల్వే, రాష్ట్రం చెరిసగం ఖర్చుతో ఓవర్‌బ్రిడ్జికి దారి ఉంది. కారు, లారీ ఒక యూనిట్, ఆటో అర, స్కూటర్ పావు. అందుకే ఒక్క అంకె వేయకుండా రకాల వారీగా లెక్కపెట్టించు.

బిడ్డా, ఇంకొక భయం. ఫుట్ ఓవర్‌బ్రిడ్జి తర్వాత చూద్దామని ఎవరన్నా ఒప్పుకోవద్దు. ఆగిన బండి వెనకాల నుంచి పట్టాలు దాటేవాడికి రెండో లైను మీద వచ్చేది కనిపించదు. కరెంటు బండి చప్పుడు డీజిల్ బండి అంత దూరం నుంచి వినిపించదు కూడా. ప్లాట్‌ఫారాలు ఎడంగా ఉంటే దాటేవాళ్లు ఇంకా పెరుగుతారు. 25 వేల వోల్టుల తీగ పైనుంచి పోవాలి గనక వంతెన ఆరు మీటర్లకు పైనే ఉంటుంది, నలభైకి పైగా మెట్లు. మీ నానమ్మలాంటి వాళ్లు ఎక్కరు, పట్టాల మీదుగానే పోతారు. ర్యాంపో, సబ్‌వేనో, లిఫ్టో మొదటి అర్జీలోనే రాయాలి. ఇది నా మాటగా గట్టిగా పట్టుకో.

ఆపైన రైళ్లు. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ మొదలైన రోజుల్లో లింగంపల్లి వైపు జనం ఎంత ఆశతో ఎక్కారో గుర్తొస్తోంది. మేడ్చల్ వైపు సర్వీసులు 2023 ఏప్రిల్‌కి గానీ రాలేదు. రెండో దశ ఖర్చులో మూడింట రెండు వంతులు రాష్ట్రానివి, ఒక వంతు రైల్వేది. ఇద్దరూ కలిస్తేనే పని సాగుతుంది. కాబట్టి అప్రోచ్ రోడ్డు, ఆటో స్టాండు, ఫీడర్ బస్సు సంగతి రాష్ట్రం వైపు నుంచి రాతపూర్వకంగా తెచ్చుకో. హాల్టు వచ్చి పొద్దున ఏడు నుంచి పది దాకా చాలినన్ని బళ్లు ఆగకపోతే జనం మళ్లీ బైకే తీస్తారు. ఏ టైముకు ఏ బండి ఆగాలో పట్టిక చేసి అర్జీకి కలుపు.

గేటు దగ్గర లెక్కకు ఒక్కదానివే పోవద్దు, తమ్ముణ్ణి తీసుకెళ్లు. పట్టాల నుంచి దూరంగా నిలబడండి, ఫోను జేబులో పెట్టుకోండి. మొదటి వారం అంకెలు వచ్చాక నాకు పంపు, కూడి చూస్తాను.

నీ పెద్దనాన్న