గేటు తెరవకముందే బయటకు రా: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

వారమంతా ఓపికగా రెండేసి, మూడేసి పౌండ్లు కూడబెట్టి, శనివారం ఒక్క పందెంలో 140 పౌండ్లు పోగొట్టుకున్నానని మొన్న రాత్రి ఫోనులో చెబుతున్నప్పుడు, డబ్బు పోయిన బాధకన్నా నీ మీద నీకున్న కోపమే నీ గొంతులో ఎక్కువగా వినిపించింది. ఇంగ్లండు గుర్రప్పందేల ఎక్స్ఛేంజిలో, అంటే పందెం కాసేవాళ్లు ఒకరితో ఒకరు కాసుకునే ఆన్‌లైన్ సంతలో, పన్నెండేళ్లు ఇదే పని చేసినవాణ్ణి కనుక ఆ కోపం ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు.

మన మలక్‌పేట రేసుకోర్సులో టోటు కిటికీ దగ్గర టికెట్టు కొన్నవాడు పందెం ముగిసేదాకా ఎదురుచూడవలసిందే తప్ప చేయగలిగింది ఏమీ లేదు. 2000లో లండనులో మొదలైన బెట్‌ఫెయిర్ వంటి ఎక్స్ఛేంజిలో మాత్రం ఒక ధర దగ్గర బ్యాక్ చేసిన (గెలుస్తుందని కాసిన) గుర్రాన్ని ధర తగ్గాక లే చేసి (గెలవదని కాసి), పందెం మొదలవకముందే బయటపడవచ్చు. ధర 4.0 అంటే, గెలిస్తే కాసిన పౌండుకు అసలుతో కలిపి నాలుగు పౌండ్లు. 4.0 దగ్గర వంద పౌండ్లు బ్యాక్ చేసి, 3.95 దగ్గర 101.27 పౌండ్లు లే చేస్తే ఏ గుర్రం గెలిచినా సుమారు 1.27 పౌండ్లు మిగులుతాయి, అందులోంచి కమిషన్ పోతుంది. ఇంత చిన్న మొత్తాల మీద నడిచే పని ఇది. అందుకే ఇందులో చిన్న లెక్కలను తేలికగా తీసుకోకూడదు.

నువ్వు ఎక్కువగా దెబ్బతిన్నది 4.0 దగ్గరే అన్నావు. దానికి కారణం నీ అంచనాలో కాక ధర కదిలే మెట్లలో ఉందని నా అనుమానం. ధర 3 నుంచి 4 దాకా 0.05 చొప్పున కదులుతుంది, 4 దాటాక 0.1 చొప్పున కదులుతుంది. కాబట్టి 4.0 దగ్గర బ్యాక్ చేసినవాడికి ఒక టిక్ (ఒక మెట్టు) అనుకూలిస్తే 1.27 వస్తుంది, ఒక టిక్ ఎదురుతిరిగి 4.1 దగ్గర బయటపడితే 2.44 పోతుంది. రెండుసార్లు గెలిచి ఒక్కసారి ఓడినా చేతిలో మిగిలేది దాదాపు శూన్యం. 2, 3, 4, 6, 10 అంకెల దగ్గర మెట్టు ఇలాగే మారుతుంది. ఆ అంకెలను కాగితం మీద రాసి తెర పక్కనే అంటించుకో. అక్కడ లే చేసేవాడికి లెక్క అనుకూలంగా ఉంటుంది కానీ, ఆ సంగతి అందరికీ తెలుసు కనుక తరచుగా వరుస కూడా పొడవుగానే ఉంటుంది.

వరుస సంగతి కూడా చెప్పాలి. ఒకే ధర దగ్గర ముందు పెట్టినవాడి డబ్బే ముందు మ్యాచ్ అవుతుంది, అంటే దానికే ముందు ఎదురు కాసేవాడు దొరుకుతాడు. నీ ముందు నాలుగు వేల పౌండ్లు నిలబడి ఉన్నప్పుడు ఓపిక పట్టలేక ఆర్డరు తీసి పక్క ధరకు మారిస్తే పాత చోటు పోతుంది, కొత్త చోట మళ్లీ చివర నిలబడాలి. లాడర్‌లో, అంటే తెర మీది ధరల నిచ్చెనలో, కనిపించే పెద్ద మొత్తాలలో కొన్ని ఇతరులను భయపెట్టడానికి పెట్టి, దగ్గరకు రాగానే తీసేసేవి. కనుక పెట్టిన డబ్బుకన్నా మ్యాచ్ అయిన డబ్బును చూడడం అలవాటు చేసుకో.

మధ్యాహ్నం మూడు గంటల పందేనికి పొద్దున పదకొండింటికే దిగవద్దు. అసలు డబ్బు చివరి పది నిమిషాలలో వస్తుంది. వుల్వర్‌హాంప్టన్ సాయంత్రపు పందేలలో మార్కెట్ పలచగా ఉంటే లోపలికి వెళ్లడం సులువు, బయటకు రావడం కష్టం. చెల్టెన్‌హామ్ మార్చి పండుగ, రాయల్ అస్కాట్ వంటి పెద్ద పందేలలో డబ్బుకు కొదవ ఉండదు కానీ, ఆ లోతువల్లనే ధర చాలాసేపు కదలక కొత్తవాడి సహనాన్ని తినేస్తుంది. ఇక ప్రకటించిన సమయానికే పందెం మొదలవుతుందని నమ్మకు. ఒక గుర్రం స్టాల్సులోకి (పరుగు మొదలయ్యే గేటు గదుల్లోకి) వెళ్లనని మొరాయించవచ్చు, ఇంకొకదానికి నాడా మార్చవలసి రావచ్చు. పైగా నువ్వు చూసే టీవీ బొమ్మ కొన్ని క్షణాలు వెనకబడి ఉంటుంది. గుర్రాలు స్టాల్సులోకి వెళ్లడం మొదలుకాగానే నీ లెక్క ముగిసిపోవాలి. చివరి నిమిషంలో ఒక గుర్రాన్ని ఉపసంహరిస్తే మార్కెట్ ఆగిపోయి, మ్యాచ్ అయిన ధరలు తగ్గిపోతాయి. దాని మీద కోపం తెచ్చుకొని లాభం లేదు.

అసలు విషయం ఇప్పుడు చెబుతున్నాను. శనివారం నువ్వు పోగొట్టుకున్న 140 పౌండ్లు ధర తిరగబడడంవల్ల పోలేదు, రెండు మూడు పౌండ్ల నష్టాన్ని ఒప్పుకోలేక, బయటపడకుండా పరుగు మొదలయ్యాక కూడా అలాగే వదిలేయడంవల్ల పోయాయి. నేనూ ఆ తప్పు చేశాను. ఒకసారి 6.0 దగ్గర వంద పౌండ్లు లే చేశాను. ధర 5.0కు పడింది. 120 పౌండ్లు బ్యాక్ చేసి ఉంటే సరిగ్గా 20 పౌండ్ల నష్టంతో బయటపడేవాణ్ణి. వదిలేశాను. ఆ గుర్రం గెలిచింది, 500 పౌండ్లు పోయాయి. అయితే నాకు అంతకన్నా ఎక్కువ కీడు చేసింది దాని ముందు వారం సంగతి. అప్పుడు కూడా అలాగే వదిలేస్తే గుర్రం ఓడిపోయి నాకు వంద పౌండ్లు మిగిలాయి. తప్పు చేసినందుకు వచ్చిన ఆ వందే మరుసటి వారం నా చేయి కదలనివ్వలేదు. నీకు కూడా అలాంటి వంద ఎప్పుడో వచ్చి ఉంటుంది. దాన్ని గుర్తుకు తెచ్చుకో.

కొన్నాళ్లు నీ మొత్తాన్ని పదోవంతుకు తగ్గించి, ప్రతిసారీ ఎందుకు దిగావో, ఎక్కడ బయటపడాలని అనుకున్నావో ముందే పుస్తకంలో రాసుకో. రోజు చివర లాభాన్ని చూడకుండా, అనుకున్నచోట ఎన్నిసార్లు బయటపడ్డావో లెక్కపెట్టు. ఇంటి అద్దె డబ్బూ, అమ్మకు పంపే డబ్బూ ఇందులోకి ఒక్క పౌండు కూడా రాకూడదు. ఓడిన వెంటనే మొత్తాన్ని పెంచే అలవాటు మొదలైతే సిగ్గుపడకుండా గామ్‌స్టాప్‌లో పేరు నమోదు చేసుకో. అది ఉచితం, బ్రిటన్‌లో లైసెన్సు ఉన్న ఆన్‌లైన్ పందేల సైట్లన్నింటినుంచీ కనీసం ఆరు నెలలు నిన్ను దూరంగా ఉంచుతుంది. నేను ఈ మాట నిన్ను బెదిరించడానికి అనడం లేదు, నా కళ్లముందే చెడిపోయినవాళ్లను చూసి అంటున్నాను.

ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు శనివారం నాటి పందేల చిట్టా తీసుకురా. అత్తయ్య వంట ముగించేలోగా ఇద్దరం కూర్చుని, ఆ పందెంలో నీ చేయి ఏ ధర దగ్గర ఆగిపోయిందో వెతుకుదాం.

ఇట్లు,
మీ మామయ్య