నాలుగు రోజులు, ఎన్ని పోకర్ రూములు?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడు లాస్ వేగాస్‌లో పోకర్ ఆడటానికి సంబంధించినవే కాబట్టి, వాటిని ఒకేచోట చేర్చి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మేము నలుగురు మిత్రులం. వారాంతాల్లో ఇంట్లోనూ, అప్పుడప్పుడు ఓక్లహోమా సరిహద్దు దాటి విన్‌స్టార్ కాసినోలోనూ పోకర్‌లో ఒక రకమైన టెక్సాస్ హోల్డెమ్ ఆడుతుంటాం. వచ్చే మార్చిలో నాలుగు రోజులు వేగాస్‌లో గడపాలనుకుంటున్నాం. ఆటకు తలా 2,000 డాలర్లు పక్కన పెట్టుకున్నాం. పూటకొకటి చొప్పున ఎనిమిది పోకర్ రూములు (కాసినోలలో పోకర్ ఆడే హాళ్లు) చుట్టి రావాలని మా ఆలోచన. ఇది సబబేనా? – ఎస్.వి., ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: ఎనిమిది రూములు చుట్టి రావడం సాధ్యమే కాని, అలా తిరిగితే గడపలు తొక్కిన లెక్కే మిగులుతుంది, ఆట మిగలదు. నాలుగు రోజులకు మూడు రూములు చాలు, మరీ మనసాగకపోతే నాలుగు.

ఎందుకంటే, రూములో అడుగుపెట్టగానే కుర్చీ దొరకదు. పేరు రాయించుకుని పిలుపు కోసం వేచి ఉండాలి. కూర్చున్నాక మొదటి గంట ఎవరు చేతిలో ఏమీ లేకపోయినా పెద్ద పందెం కడుతున్నారు, ఎవరు మంచి ముక్కలు వస్తే తప్ప కదలడం లేదు అన్నది గమనించడంతోనే సరిపోతుంది. ఆ గంటలో సంపాదించిన తెలివిడి ఆ టేబుల్ దగ్గర మాత్రమే పనికి వస్తుంది. మరో రెండు గంటలకే లేచి వేరే రూముకు పోతే దాన్ని అక్కడే వదిలేసి, కొత్తచోట మళ్లీ ఓనమాలు దిద్దాలి. పైగా పెద్ద కాసినో హోటళ్లున్న ‘స్ట్రిప్’ అనే ప్రధాన వీధి పొడవు సుమారు ఏడు కిలోమీటర్లు, అక్కడ కంటికి ఎదురుగా కనిపించే హోటలుకు నడిచి చేరడానికే అరగంట పట్టవచ్చు.

కాబట్టి దగ్గర దగ్గరగా ఉన్నవాటిని జంటలుగా చూసుకోండి. 1998లో ప్రారంభమైన బెలాజియోకూ 2009 చివర తెరిచిన ఆరియాకూ నడుమ ఉచిత ట్రామ్ నడుస్తుంది. ఉత్తరం వైపున వెనీషియన్, విన్ హోటళ్లు ఇరుగుపొరుగుల్లాంటివి. మొదటి రెండు రోజులకు ఒక జంటను, మూడో రోజుకు రెండో జంటలో ఒకదాన్ని పెట్టుకుని, నాలుగో రోజున ప్రధాన వీధికి పడమరగా ఉన్న ఓర్లీన్స్‌కు వెళ్లి స్థానికులు ఇష్టపడే లిమిట్ (పందేనికి హద్దుండేది), ఒమాహా (చేతికి నాలుగు ముక్కలు పంచేది) ఆటలు ఎలా ఉంటాయో చూడండి. పాత పుస్తకాలలోని జాబితాలను నమ్ముకుని మాత్రం బయలుదేరవద్దు. 1990లలో పోకర్‌కు పెట్టింది పేరయిన మిరాజ్ 2024 జులై 17న మూతపడింది. ఏ రూములో ఏ ఆట నడుస్తోందో, ఎంతమంది వేచి ఉన్నారో బ్రావో పోకర్ యాప్‌లో చూసుకుని కదలడం మేలు. మార్చి మూడో వారానికి అటూ ఇటూగా కాలేజీ బాస్కెట్‌బాల్ పోటీల అభిమానులు ఊరిని ముంచెత్తుతారు. గది అద్దెలు మండిపోతాయి, కానీ అసలు పోకర్ కోసం రానివాళ్లు కాలక్షేపానికి టేబుల్ ఎక్కేదీ అప్పుడే.

ఇక డబ్బు సంగతి. టెక్సాస్ క్లబ్బుల్లో పాట్ (ఒక పంపకంలో అందరూ కట్టిన పందేల మొత్తం) నుంచి వాటా తీసుకోరు, కూర్చున్న గంటకు ఇంత అని రుసుము వసూలు చేస్తారు. వేగాస్‌లో మీరు ఆడబోయే చిన్న టేబుళ్ల దగ్గర అలా కాదు, ప్రతి పాట్‌లో కొంత ‘రేక్’ పేరిట కాసినోకు, మరో డాలరో రెండు డాలర్లో జాక్‌పాట్ బహుమతుల నిధికి పోతాయి. ఒక లెక్క వేసి చూద్దాం. రేక్ గరిష్ఠంగా 5 డాలర్లు, జాక్‌పాట్ కోత 2 డాలర్లు ఉన్నచోట గంటకు 30 పంపకాలు జరిగి, వాటిలో 20 పాట్లకు పూర్తి కోత పడితే, టేబుల్ మీది నుంచి 140 డాలర్లు మాయమైనట్టే. తొమ్మిది మందికి పంచితే తలకు పదిహేనున్నర. పాట్ గెలిచినప్పుడల్లా డీలరుకు ఆనవాయితీగా ఇచ్చే డాలరును కూడా కలిపితే గంటకు సుమారు 18 డాలర్లు. నాలుగు రోజుల్లో 30 గంటలు ఆడితే 540 డాలర్లు, అంటే మీరు పక్కన పెట్టుకున్న మొత్తంలో పావు వంతుకు పైగా, ఆటలో గెలుపోటములతో నిమిత్తం లేకుండానే ఖర్చయిపోతుంది. అందుకే రూము పేరు కన్నా రేక్ ఎంత, జాక్‌పాట్ కోత ఎంత, కూర్చోవడానికి కనీసం ఎంత, గరిష్ఠంగా ఎంత తెచ్చుకోవచ్చు అన్నవి ముందు అడగాలి. 1–3 బ్లైండ్ల (ముక్కలు చూడకముందే వంతు ప్రకారం ఇద్దరు కట్టే 1, 3 డాలర్ల పందేల) ఆటలో ఒకచోట గరిష్ఠం 300 డాలర్లయితే మరోచోట 500 ఉండవచ్చు. 300 తో కూర్చునేచోట మీ 2,000 ఆరుసార్లకు సరిపోతుంది, 500 తో అయితే నాలుగే. ఎదుటివారందరి ముందు వెయ్యేసి డాలర్లుండగా మీరు 200 తో కూర్చోవడంలో అర్థం లేదు.

మీరు అడగకపోయినా చెప్పవలసిన ముఖ్యమైన మాట ఒకటుంది. మీరు నలుగురూ ఒకే టేబుల్ దగ్గర కూర్చోకండి. చేయి, అంటే ఒక పంపకం ఆట, నడుస్తుండగా టేబుల్ దగ్గర ఇంగ్లీషు తప్ప మరో భాష మాట్లాడకూడదన్నది అక్కడి రూములన్నిటా వినిపించే నియమం. ‘వదిలేయ్ మామా, వాడి దగ్గర ఆసులున్నాయి’ అని మీరు సరదాకే అన్నా, ఎదుటి ఆటగాడికి అది కుమ్మక్కుగానే వినిపిస్తుంది. ఫోల్డ్ చేసినవాడు, అంటే ఆ పంపకం నుంచి తప్పుకున్నవాడు, తన ముక్కలు పక్కనున్న మిత్రుడికి చూపించడం, మిగిలింది మనమిద్దరమే కదా అని పందెం కట్టకుండా చివరి ముక్క దాకా తీసుకుపోవడం వంటి ఇంటి అలవాట్లు కూడా అక్కడ తప్పులే. ఒక చేతిని ఒక్కరే ఆడాలి. మందలింపుతో మొదలై రూము నుంచి పంపించివేయడం దాకా పోవచ్చు. కనుక పేరు రాయించుకునేటప్పుడే వేర్వేరు టేబుళ్లు కోరండి. కబుర్లన్నీ రాత్రి భోజనానికి దాచుకోవచ్చు.

ఇంటి ఆటలో ఎవరూ పట్టించుకోని మరో రెండు విషయాలున్నాయి. నోటితో ఏమీ చెప్పకుండా 100 డాలర్ల చిప్ ఒక్కటి ముందుకు నెడితే అది పెంపు కాదు, అప్పటికున్న పందేనికి సమానంగా కట్టినట్టే లెక్క. పెంచాలంటే ముందు మాట చెప్పాలి. చిప్‌లను రెండు విడతలుగా నెట్టినా మొదటి విడతే చెల్లుతుంది. రెండో విషయం ఏమిటంటే, గెలిచిన దానిలో కొంత జేబులో వేసుకుని మిగతాదానితో ఆడటం కుదరదు. టేబుల్ మీదున్నది మీరు లేచేదాకా టేబుల్ మీదే ఉండాలి. స్ట్రాడిల్ (ముక్కలు చూడకముందే ఇష్టపడి కట్టే అదనపు పందెం) ఏ స్థానం నుంచి పెట్టవచ్చు, నోట్లు చిప్‌లతో సమానంగా చెల్లుతాయా అన్నవి మాత్రం రూము రూముకూ మారతాయి, కూర్చునే ముందు డీలరును అడిగితే విసుక్కోకుండా చెబుతారు. ఒక కాసినో చిప్‌లతో మరో కాసినోలో ఆడలేరు కాబట్టి రూము మారే ముందు కౌంటరులో నగదుగా మార్చుకోండి.

ప్రశ్న: నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. నలభై ఏళ్లుగా రమ్మీ ఆడుతున్నాను. ఫీనిక్స్‌లో ఉన్న మా అబ్బాయి ఈ వేసవిలో నన్ను వేగాస్ తీసుకువెళ్తానంటున్నాడు. రమ్మీ తెలిసినవాడు పోకర్ నెగ్గుకురాగలడా? ఈలోగా ఫోన్‌లో సాధన చేయవచ్చా? ఒకవేళ గెలిస్తే పన్ను ఎలా? – వి.ఆర్., విజయవాడ

జవాబు: మీ అనుభవం కొంత పనికి వస్తుంది, కొంత అడ్డు వస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన ఒక అప్పీలులోనే, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు వ్యవహారంపై సుప్రీంకోర్టు 1967లో తీర్పు ఇస్తూ, పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవడం, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తేల్చుకోవడం అవసరం కాబట్టి రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అన్నది. హోల్డెమ్‌లో పారేసే ముక్కలంటూ లేవు. మీ చేతిలో రెండు, అందరికీ ఉమ్మడిగా టేబుల్ మీద అయిదు, అంతే. నేర్పంతా పందెంలోనే ఉంటుంది. అయితే డ్రాప్ విలువ తెలిసినవారు మీరు. రమ్మీలో మొదటి డ్రాప్‌కే 20 పాయింట్లు సమర్పించుకోవాలి. పోకర్‌లో బ్లైండ్ కట్టే వంతు కాకపోతే రెండు ముక్కలు చూసి ఊరికే దించేయవచ్చు. పదింటిలో ఏడెనిమిది సార్లు దించేయగల ఓపిక మీకుంటే, ఆ టేబుల్ దగ్గరున్న చాలామంది కుర్రవాళ్ల కన్నా మీరే నయం.

నో-లిమిట్ ఆటలో ఒక్క పందెంతో ముందున్న డబ్బంతా పోవచ్చు కాబట్టి మీరు 4–8 లిమిట్ ఆటతో మొదలుపెట్టండి. అందులో మొదటి రెండు విడతల పందెం 4 డాలర్ల చొప్పున, తరువాతి రెండు విడతలది 8 డాలర్ల చొప్పున మాత్రమే పెరుగుతుంది. ఓర్లీన్స్ వంటి చోట్ల ఈ ఆట ఆడేవారిలో మీ వయసువారు చాలామంది కనిపిస్తారు. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోండి. 21 ఏళ్ల నిబంధన మీకు అడ్డు కాకపోయినా, సభ్యత్వ కార్డు తీసుకోవాలన్నా పెద్ద మొత్తం చెల్లించాలన్నా గుర్తింపు అడుగుతారు. వేసవి అన్నారు కాబట్టి మరో మాట. మే చివరి నుంచి జులై మధ్య దాకా వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ జరుగుతుంది. 1970లో డౌన్‌టౌన్‌లోని బినియన్స్ హార్స్‌షూలో మొదలైన ఈ పోటీలు 2005లో రియోకు, 2022లో ప్రధాన వీధి మీదున్న హార్స్‌షూ (అప్పటి పేరు బ్యాలీస్), పారిస్ హోటళ్లకు మారాయి. ప్రధాన పోటీ ప్రవేశ రుసుము 10,000 డాలర్లు. చూడటానికి వెళ్లండి, ఆడటానికి వద్దు.

ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడటం ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే నిషిద్ధమైంది, 2025 నాటి కేంద్ర చట్టంతో దేశమంతటా నిషేధం వచ్చింది. డబ్బు లేని సాధనే మీకు తగినది. ఇంట్లో పేక కట్ట తీసి మనవలతో ఆడుకున్నా సరిపోతుంది.

పన్ను విషయానికి వస్తే, అమెరికాలో పన్నుపరంగా నివాసి కానివారికి టోర్నమెంటులో చెప్పుకోదగ్గ బహుమతి వస్తే కాసినో 30 శాతం మినహాయించుకుని మిగిలింది ఇస్తుంది. కొన్ని దేశాలవారికి ఒప్పందాల ద్వారా దీని నుంచి ఊరట ఉంది గాని భారతదేశానికి లేదు. మీరు ఇక్కడి నివాసి కాబట్టి ఆ గెలుపును ఇక్కడి రిటర్నులోనూ చూపాలి. అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ తగ్గింపు కోరడానికి రసీదులన్నీ భద్రపరిచి చార్టర్డ్ అకౌంటెంటును సంప్రదించండి. 10,000 డాలర్లకు మించి నగదు వెంట తీసుకువెళ్తే అమెరికాలో దిగేటప్పుడు కస్టమ్స్‌కు తెలపడం తప్పనిసరి, అయినా 4–8 ఆటకు అంత ఎందుకు? రెండు మూడు వందలు చాలు. (పై ఉత్తరం రాసిన ఫ్రిస్కో పాఠకులకు ఒక సూచన: 2025లో ఆమోదం పొందిన చట్టం ప్రకారం 2026 నుంచి జూదంలో పోయిన దానిలో 90 శాతాన్నే గెలుపులో తగ్గించి చూపవచ్చు. కాబట్టి పూటపూటకూ లెక్క రాసుకోండి.)

ప్రశ్న: ఇంట్లో పోకర్ ఆడేది నేను, మావారు కాదు. రెండు రాత్రులకు వేగాస్ వెళ్తున్నాం. టేబుల్ దగ్గర నేనొక్కదాన్నే ఆడమనిషినవుతానేమోనని కొంచెం బెరుకుగా ఉంది. క్యాష్ గేమ్ (చిప్‌లకు నేరుగా డబ్బు విలువ ఉండే ఆట) మంచిదా, టోర్నమెంటా? – జి.ఎల్., శాన్‌హోసే

జవాబు: తొమ్మిది మందిలో మీరొక్కరే కావడం జరగవచ్చు. ఎవరైనా అనవసరంగా మాట్లాడితే వారితో వాదన పెట్టుకోకుండా డీలరుతో ‘ఫ్లోర్’ అనండి, రూము పర్యవేక్షకులు వస్తారు, కుర్చీ మార్చమని అడిగే హక్కూ మీకుంది. కొందరు మగవాళ్లు ఆడవాళ్లు బ్లఫ్ చేయరని గట్టిగా నమ్ముతారు. ఆ నమ్మకాన్ని చెడగొట్టే తొందర మీకేమీ లేదు.

రెండు రాత్రులే కాబట్టి రోజువారీ చిన్న టోర్నమెంటు మీకు నప్పుతుంది. మళ్లీ ప్రవేశించనంతవరకు ప్రవేశ రుసుముకు మించి ఒక్క డాలరూ పోదు, చిప్‌లకు డబ్బు విలువ లేదు కనుక చేయి వణకదు. రుసుములో కాసినో ఎంత ఉంచుకుంటుందో, బ్లైండ్లు ఎన్ని నిమిషాలకు పెరుగుతాయో నమోదు చేసుకునేటప్పుడే చూడండి. పదిహేను నిమిషాలకే పెరిగే పోటీలో ఓపికకు విలువ తక్కువ, ముప్పై నిమిషాలైతే ఆటకు తీరిక ఉంటుంది. ఒక్క చిక్కు మాత్రం ఉంది: గంటలోపే బయటికి రావచ్చు, లేదా అయిదు గంటలు కూర్చోవలసి రావచ్చు. అందుచేత మీవారితో కలిసి చూడవలసిన ప్రదర్శన టికెట్లు ఏవైనా ఉంటే టోర్నమెంటు లేని రాత్రికి తీసుకోండి, టోర్నమెంటు ఉన్న రాత్రి ఆయనకు భోజనం మాత్రం మీ కోసం ఆగకుండా చేసేయమని ముందే చెప్పండి.